న్యూట్రానును లెక్కించుట ఎట్లు? – ఒక పాఠమును గూర్చిన విమర్శ

పన్నెండవ తరగతికై ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన భౌతికశాస్త్ర గ్రంథములో కేంద్రకములను గూర్చిన అధ్యాయము చాలవరకు చక్కగా వ్రాయబడినది. 1932లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రానును కనుగొన్న వృత్తాంతము, ఆ కొత్త కిరణములు ఫోటానులు కాజాలవని శక్తి, ద్రవ్యవేగ నియమములతో తేల్చిన తర్కము విద్యార్థికి బాగుగా బోధపడును. (ఆ చాడ్విక్ వద్దనే లివర్‌పూలులో పరిశోధన చేసి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతిక ప్రయోగశాలను నిర్మించిన స్వామి జ్ఞానానందను గూర్చి తెలుగు ఉపాధ్యాయుడు ఈ సందర్భమున తప్పక చెప్పవలెను.)

చిక్కు ఆ తరువాతి వాక్యములలో ఉన్నది. విడిగానున్న న్యూట్రాను అస్థిరమనియు, దాని సగటు జీవితకాలము సుమారు 1000 సెకనులనియు పుస్తకము చెప్పుచున్నది. నేటి కొలతల ప్రకారము అది సుమారు 880 సెకనులే. 'సుమారు' అను మాటను ఎంత సాగదీసినను ఇంత తేడాను కప్పజాలదు.

సంఖ్య పాతబడుట పెద్ద దోషము కాదు, మరు ముద్రణలో దిద్దవచ్చును. ఆ సంఖ్య ఎట్లు వచ్చినదో, కంటికి కనబడని, విద్యుదావేశము లేని ఈ కణములను ఎట్లు లెక్కింతురో ఆ అధ్యాయమున ఒక్క మాటయైన లేకపోవుట మాత్రము దోషమే. ఏలననగా 880 కూడ స్థిరపడిన సంఖ్య కాదు. మిక్కిలి నెమ్మదియైన న్యూట్రానులను పాత్రలో బంధించి, కొంతసేపటికి మిగిలినవాటిని లెక్కించిన ప్రయోగములు 878 సెకనులకు దగ్గరగా చెప్పుచున్నవి. పుంజముగా పోవు న్యూట్రానులలో ఎన్ని క్షయించినవో లెక్కించిన ప్రయోగములు 888 అనుచున్నవి. ఈ రెండవ పద్ధతిలో క్షయముల సంఖ్య ఒక్కటే చాలదు. పుంజములో మొత్తము ఎన్ని న్యూట్రానులు పోవుచున్నవో కూడ ఖచ్చితముగా తెలియవలెను. ఆ లెక్కకు ప్రమాణము కావలెను. పది సెకనుల తగవు ఎందుకు వచ్చినదో ఇంకను తేలలేదు.

ఆవేశము లేని కణము వాయువులో అయానులను నేరుగా పుట్టింపదు. కనుక దానిని వేరొక కేంద్రకము మ్రింగవలెను, లేదా అది వేరొక కేంద్రకమును తన్నవలెను. ఆ తరువాత పుట్టినదానినే మనము లెక్కింపగలము. దీనికి ప్రమాణ ప్రయోగశాలలలో వాడు సాధనము ఆశ్చర్యము కలిగించునంత సాదాది. సుమారు ఒక మీటరు వ్యాసముగల గుండ్రని తొట్టి, దాని నిండ మాంగనీసు సల్ఫేటు కలిపిన నీరు, నడుమ న్యూట్రానులను వెలువరించు మూలము. నీటిలోని హైడ్రోజను కేంద్రకము ఇంచుమించు న్యూట్రాను బరువే గలది. కేరమ్ బిళ్ల తనంత బిళ్లను సూటిగా తాకి తాను ఆగిపోవునట్లు, న్యూట్రాను కొన్ని తాకిళ్లలోనే వేగము కోల్పోవును. అట్లు మందగించినవానిలో కొన్నింటిని మాంగనీసు గ్రహించి మాంగనీసు-56గా మారును. దాని అర్ధాయువు 2.58 గంటలు. మూలమును ఒక రోజు తొట్టిలో ఉంచినచో పుట్టునవి, క్షయించునవి సరిసమానమగును. అప్పుడు ద్రావణమునుండి వచ్చు గామా కిరణములను లెక్కించి, మూలము సెకనుకు ఎన్ని న్యూట్రానులను విడుచుచున్నదో కనుగొందురు.

ఇక్కడనుండియే అసలు శ్రమ. హైడ్రోజను, గంధకము తమ వంతు మ్రింగును. కొన్ని తొట్టి దాటిపోవును. కొన్ని తిరిగివచ్చి మూలములోనే చిక్కును. గామా లెక్కింపు యంత్రమును సరిచూచుటకు, విడిగా కొలిచిన మాంగనీసు-56ను తొట్టిలో కలిపి చూడవలెను. ఈ దిద్దుబాటులన్నియు చేసిన పిమ్మట అనిశ్చితి నూటికి ఒకటి ప్రాంతమునకు దిగును. సూత్రములో అంకెలు పెట్టి జవాబు రాబట్టుటయే భౌతికశాస్త్రమనుకొను విద్యార్థికి ఈ తొట్టిని మించిన పాఠము లేదు. మన దేశమున అయనీకరణ వికిరణముల ప్రమాణములను నిలుపు బాధ్యత ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమునది.

లెక్క తెలిసినంత మాత్రమున అపాయము తెలియదు. ఒక చదరపు సెంటీమీటరుపై ఒక మందగతి న్యూట్రాను పడినచో లెక్కకు వచ్చు మోతాదు సుమారు 10.6 పికోసీవర్టులు. అదే పది లక్షల ఎలక్ట్రాను వోల్టుల న్యూట్రానుకు 416. ఇంచుమించు నలుబది రెట్లు! పాలిథీను దిమ్మెలో గణకమునుంచిన సర్వేమీటరు ఈ తేడాను తనంత తాను సర్దుకొనునట్లు నిర్మింపబడును గాని, ఆ సర్దుబాటు అన్ని శక్తుల వద్దను సరిగా ఉండదు. దానిని అమెరీషియం–బెరీలియం మూలము ఎదుట క్రమాంకనము చేయుదురనుకొందము. ఆ న్యూట్రానుల సగటు శక్తి నలుబది లక్షల ఎలక్ట్రాను వోల్టులు. ఆ మీటరునే రియాక్టరు గోడ వెనుక, శక్తి ఉడిగిన న్యూట్రానుల నడుమ ఉంచినచో, ఉన్నదానికంటె ఎక్కువ చూపవచ్చును. క్రమాంకనశాల గోడలనుండి వెనుకకు చెదరివచ్చు న్యూట్రానులు మరియొక బెడద. మూలమునకు, మీటరునకు నడుమ శంకువునుంచి, సూటిగా వచ్చువానిని ఆపి, చెదరినవానిని వేరుగా లెక్కింపవలసివచ్చును.

హైదరాబాదు వద్ద పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నేలలోని తేమను న్యూట్రాను శలాకతో కొలిచినవారు ఇట్టి చిక్కునే వేరొక రూపమున ఎదుర్కొనవలసియుండెను. శలాక నిజముగా చూచునది హైడ్రోజనును. నల్లరేగడి బంకమట్టిలో, నీరుగా లేని హైడ్రోజను కూడ ఉండును. కనుక ఎర్రనేలకు గీసిన క్రమాంకన రేఖ నల్లనేలకు చెల్లదు. ఆ నేల మట్టినే తీసి, తూచి, ఎండబెట్టి, మరల తూచి కొత్త రేఖ గీయవలెను. రాయలసీమ విద్యార్థికి ఈ ఉదాహరణ చెప్పినచో క్రమాంకనము అను మాట ఇక మరపురాదు.

సత్యవేడు, వరదయ్యపాలెం మండలములలోని శ్రీ సిటీ పరిసరములందు చదువు పిల్లలకు ఇవి దూరపు సంగతులు కావు. తూర్పున పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట ఉన్నది. చెన్నై దాటి దక్షిణమున కల్పాక్కము ఉన్నది. అక్కడ 1996లో పనిచేయనారంభించిన 30 కిలోవాట్ల కామిని రియాక్టరు న్యూట్రానులతో, అంతరిక్ష కార్యక్రమమునకు వలసిన పైరో పరికరములను ఛాయాచిత్రములు తీసి పరీక్షించిరి. ఎక్స్ కిరణములు లోహమువద్ద తడబడుచోట న్యూట్రానులు దానిని దాటి లోపలి మందును చూపగలవు. రేపు ఈ పిల్లలలో ఒకరు అట్టిచోట ఉద్యోగము చేయుచు, మీటరుపై అంకెను చూచి లోపలికి పోవచ్చునా కూడదా అని నిర్ణయింపవలసి రావచ్చును.

ఆ అంకెలోని భారాంకములను మనుష్యులే నిర్ణయించిరనియు పాఠము చెప్పవలెను. మందగతి న్యూట్రానుకు 1990 నాటి అంతర్జాతీయ సిఫారసులలో 5 అని ఇచ్చిన భారాంకము 2007లో 2.5 అయినది. న్యూట్రాను మారలేదు. ఈ సంగతులన్నిటికి అధ్యాయమును పెంచనక్కరలేదు. 1000ని కొట్టివేసి సరియైన సంఖ్య వేయునప్పుడు, దాని ప్రక్కన పాత్రలోని న్యూట్రానులను, పుంజములోని న్యూట్రానులను గూర్చి నాలుగు పంక్తులు, తొట్టి బొమ్మ ఒకటి చేర్చిన చాలును.