అధికారి ఎవరు? - పైథాన్ డాక్యుమెంటేషన్: శాస్త్రవచన దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పైథాన్ ప్రోగ్రామింగ్ భాష అధికారిక డాక్యుమెంటేషన్ అనేకమంది స్వచ్ఛంద రచయితలు మూడు దశాబ్దాలుగా రాస్తూ, దిద్దుతూ వస్తున్న శాస్త్రవచనం. భారతీయ శాస్త్రగ్రంథాలకు పూర్వులు చెప్పిన అనుబంధచతుష్టయాన్ని ప్రమాణంగా తీసుకొని ఈ వచనాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. విషయ, ప్రయోజన, సంబంధాల నిర్వహణలో ఈ రచన గట్టిదనీ, అధికారి నిర్ణయంలో మాత్రం దీనికి పరిమితులున్నాయనీ, తెలుగులోకి తెచ్చే ప్రయత్నంలో ఆ పరిమితులు స్పష్టంగా బయటపడతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఓపెన్ సోర్స్, డాక్యుమెంటేషన్, పైథాన్, శాస్త్రవచనం, అనుబంధచతుష్టయం, అనువాదం, పారిభాషిక పదజాలం.

1. ఉపోద్ఘాతం:
ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అనగానే అందరి దృష్టీ ప్రోగ్రామ్ మీద నిలుస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను ఇతరులు వాడుకోవడానికి ఆధారమైన వచనం మీద నిలవదు. గిట్‌హబ్ సంస్థ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో పాల్గొన్నవారిలో 93 శాతం మంది అసంపూర్ణమైన, కాలంచెల్లిన డాక్యుమెంటేషన్‌ను తాము ఎదుర్కొన్న సమస్యగా పేర్కొన్నారు. అదే సర్వేలో, ప్రాజెక్టులకు తోడ్పడేవారిలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్‌కు అరుదుగా మాత్రమే రాస్తామనో, అసలే రాయమనో చెప్పారు. అందరికీ కావలసినదాన్ని రాయడానికి ముందుకు వచ్చేవారు కొందరే అన్నమాట.

ఈ ఉపేక్షకు సాహిత్య విమర్శ కూడా అతీతం కాదు. వ్యాకరణం, గణితం, వైద్యం వంటి విషయాలపై వెలువడిన గ్రంథాలను వాఙ్మయ చరిత్రలో భాగంగా గుర్తించిన పరంపరకు, సాఫ్ట్‌వేర్‌ను వివరించే వచనాన్ని పక్కన పెట్టడానికి తగిన కారణం కనిపించదు. శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ స్పష్టంగా ఉండాలన్నది పూర్వుల నియమం. చెప్పబోయేది ఏమిటి, దానివల్ల ఫలమేమిటి, విషయానికీ గ్రంథానికీ ఉన్న సంబంధం ఎటువంటిది, చదవడానికి అర్హుడెవరు అన్న ఈ ప్రశ్నలు నేటి డాక్యుమెంటేషన్‌కూ సరిగ్గా వర్తిస్తాయి.

2. గ్రంథస్వరూపం:
పైథాన్ డాక్యుమెంటేషన్ ఒకే గ్రంథం కాదు, కొన్ని గ్రంథాల సముదాయం. భాషను పరిచయం చేసే ట్యుటోరియల్, భాషానియమాలను నిర్దేశించే లాంగ్వేజ్ రిఫరెన్స్, సిద్ధంగా ఉన్న ఉపకరణాలను వివరించే లైబ్రరీ రిఫరెన్స్, ఒక్కొక్క పనిని నేర్పే హౌ-టు రచనలు, ప్రతి కొత్త వెర్షన్‌లో వచ్చిన మార్పులను తెలిపే భాగం, పదకోశం ఇందులో ముఖ్యమైనవి.

డాక్యుమెంటేషన్‌ను ట్యుటోరియల్, హౌ-టు, రిఫరెన్స్, ఎక్స్‌ప్లనేషన్ అని నాలుగు విధాలుగా విభజించిన డానియెలే ప్రొచీదా సిద్ధాంతం 'డయాటాక్సిస్' పేరుతో ప్రసిద్ధం. పాఠకుడు నేర్చుకుంటున్నాడా, పని చేసుకుంటున్నాడా అన్నదాన్ని బట్టి వచనం మారాలన్నది దాని సారం. తెలుగు పాఠకులకు ఈ భేదం కొత్తది కాదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం సూత్రబద్ధమైన రచన. దానికి కల్లూరి వేంకటరామశాస్త్రి గుప్తార్థప్రకాశిక, దువ్వూరి వేంకటరమణశాస్త్రి రమణీయము వ్యాఖ్యానాలుగా వచ్చాయి. సూత్రం నియమాన్ని నిర్ణయిస్తుంది, వ్యాఖ్యానం దాని వెనుక ఉన్న ఆలోచనను విప్పుతుంది. ఒకటి చేసే పని రెండోది చేయలేదు.

లాంగ్వేజ్ రిఫరెన్స్ ఇటువంటి సూత్రగ్రంథమే. వాక్యనిర్మాణాన్ని లాంఛనప్రాయమైన సంకేతాలతో నిర్వచించి, అర్థాన్ని మాత్రం సాధారణమైన ఇంగ్లీషులో చెబుతుంది. ఈ ఒక్క గ్రంథం ఆధారంగా భాషను తిరిగి నిర్మించబూనితే కొన్నిచోట్ల ఊహ తప్పదని పీఠికలోనే ఒప్పుకుంటుంది. తన మేరను తానే చెప్పుకోవడం శాస్త్రరచనలో గుణమే. విషయ, ప్రయోజనాల స్పష్టతలో ఈ సముదాయానికి వంక పెట్టడం కష్టం.

3. రచనావిధానం - సంబంధం:
ఒకప్పుడు లేటెక్‌లో ఉన్న ఈ డాక్యుమెంటేషన్, 2008లో వెలువడిన పైథాన్ 2.6 నుంచి రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ రూపంలోకి మారింది. ఆ పాఠాన్ని పుటలుగా కూర్చడానికి గియోర్గ్ బ్రాండల్ రూపొందించిన 'స్ఫింక్స్' తరువాత ఎన్నో ఇతర ప్రాజెక్టులకూ ఉపకరించింది. మార్పు లేటెక్ నుంచి సాదా పాఠానికి కావడం ముఖ్యం. అక్షరకూర్పు మెలకువలు తెలియనివారు కూడా ఒక వాక్యాన్ని దిద్ది పంపగలిగే స్థితి దానితో దగ్గరైంది.

డాక్యుమెంటేషన్ మూలపాఠం ప్రోగ్రామ్ ఉన్న భాండారంలోనే, దాని పక్కనే ఉంటుంది. ప్రోగ్రామ్‌ను మార్చినవారు దాని వివరణను కూడా ఆ మార్పుతో పాటే దిద్దగలరు. పంపిన సవరణను ఇతరులు పరిశీలించి, అంగీకరించిన తరువాతే అది పాఠంలో చేరుతుంది. పుటలను కూర్చేటప్పుడు తెగిపోయిన అంతర్గత సూచికలను స్ఫింక్స్ హెచ్చరికలుగా చూపుతుంది. 'డాక్‌టెస్ట్' అనే ఉపకరణం వచనంలోని ఉదాహరణలను నిజంగా నడిపి, చూపిన ఫలితమే వస్తున్నదా అని సరిచూస్తుంది. అన్ని ఉదాహరణలూ ఈ పరీక్షకు లోబడకపోయినా, లక్ష్యలక్షణ సమన్వయాన్ని యంత్రం చేత పరీక్షింపజేయడం శాస్త్రవచన చరిత్రలో విశేషమే. సంబంధం అనే అనుబంధం ఇక్కడ కేవలం ప్రతిజ్ఞగా మిగలక, ఆచరణగా మారింది.

పాఠపరిష్కర్తలకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉంది. తాళపత్ర ప్రతుల్లో ఏ పాఠం ముందుది, ఏది ప్రక్షిప్తం అన్నది ఊహించి తేల్చవలసి వస్తుంది. ఇక్కడ ప్రతి సవరణా చేసినవారి పేరుతో, తేదీతో, చాలాచోట్ల కారణంతో సహా నిలిచి ఉంటుంది. అయితే పుట చదివేవారికి ఆ పేర్లు కనిపించవు. కర్తృత్వం చరిత్రలో భద్రంగా ఉండి, గ్రంథంలో మాత్రం అదృశ్యమవుతుంది. డాక్యుమెంటేషన్ శ్రమకు గుర్తింపు తక్కువన్న మాటకు ఇదీ ఒక మూలమే.

4. ట్యుటోరియల్ - అధికారి సమస్య:
పరిచయ గ్రంథానికి అధికారి, ఏమీ తెలియని జిజ్ఞాసువు అని అనుకోవడం సహజం. పైథాన్ ట్యుటోరియల్ రూపుదిద్దుకున్నది మాత్రం మరో ప్రోగ్రామింగ్ భాష తెలిసిన పాఠకుడి కోసం. 'ఫర్' వాక్యాన్ని పరిచయం చేసే చోట, అది సీ, పాస్కల్ భాషల్లోని దానికంటె భిన్నమని మొదట చెప్పి, ఆ తరువాతే అది ఏమి చేస్తుందో చెబుతుంది. ఆ రెండు భాషలూ తెలిసినవారికి ఇది దగ్గరి దారి. మొదటి భాషగా పైథాన్‌నే నేర్చుకుంటున్నవారికి, తెలియనిదాన్ని మరింత తెలియనిదానితో పోల్చి చెప్పినట్లవుతుంది.

రెండో సమస్య సాంస్కృతికమైనది. పైథాన్ పేరు పాము నుంచి కాక, 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అనే బీబీసీ హాస్య కార్యక్రమం నుంచి వచ్చింది. అందులోని సన్నివేశాలను ఉదాహరణల్లో ప్రస్తావించడాన్ని ట్యుటోరియల్ ప్రోత్సహిస్తుంది కూడా. కీవర్డ్ ఆర్గ్యుమెంట్లను వివరించే చోట వచ్చే ఫంక్షన్ పేరు 'పారట్'. వోల్టేజ్, స్టేట్, యాక్షన్, టైప్ అన్నవి దాని పారామీటర్లు. చచ్చిన చిలుకను అంటగట్టిన దుకాణదారుతో కొనుగోలుదారు వాదించే 1969 నాటి సన్నివేశం ఎరిగినవారికి ఇది నవ్వు పుట్టిస్తుంది. ఎరగనివారు చిలుకకూ వోల్టేజికీ పొత్తు ఏమిటని ఆగిపోతారు. శాస్త్రంలో దృష్టాంతం వాదికీ ప్రతివాదికీ సమంగా తెలిసినదై ఉండాలన్నది న్యాయశాస్త్ర నియమం. ఇక్కడ ఆ నియమం భంగమైంది.

దీనిని దోషమని కొట్టివేయడం మాత్రం తొందరపాటు. పొడిబారిన శాస్త్రవచనానికి ఆ హాస్యం ఒక కంఠస్వరాన్నిచ్చింది, ఒక సమూహాన్ని కూడగట్టింది. చిక్కల్లా ఆ హాస్యం సమూహంలోని వారిని దగ్గర చేస్తూనే బయటివారికి గడపగా మారడంలో ఉంది.

5. తెలుగులోకి తెచ్చే ప్రయత్నం:
పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు 2017 నాటి 'పెప్ 545' ఒక పద్ధతిని ఏర్పరచింది. మూలపాఠాన్ని గెట్‌టెక్స్ట్ విధానంలో పేరాల వంటి చిన్న ఖండాలుగా విడదీసి, ఒక్కొక్క ఖండానికి ఎదురుగా అనువాదాన్ని ఉంచుతారు. మూలంలో ఒక పేరా మారితే దాని అనువాదం సందేహాస్పదంగా గుర్తింపబడి, మళ్లీ సరిచూసేవరకు ఆ స్థానంలో సాధారణంగా ఇంగ్లీషే కనిపిస్తుంది. పాతబడిన తెలుగు కంటె సరైన ఇంగ్లీషు మేలన్న నిర్ణయం ఇందులో ఉంది. ప్రామాణ్యానికి ఇది రక్ష.

అయితే ఈ పద్ధతి అనువాదకుణ్ణి మూలపు పేరాలకు కట్టివేస్తుంది. కీవర్డ్ ఆర్గ్యుమెంట్ల ఉదాహరణనే తీసుకోవచ్చు. పేరు చెప్పి విలువను అందిస్తే, ముందు యాక్షన్‌ను, తరువాత వోల్టేజిని ఇచ్చినా ఫలితం మారదని ట్యుటోరియల్ చూపుతుంది. తెలుగు పాఠకుడికి దీనిని వివరించడానికి విభక్తి చాలు. 'రాముడు రావణుని చంపెను' అన్నా, 'రావణుని రాముడు చంపెను' అన్నా చంపినవాడు రాముడే. కారకసంబంధాన్ని ప్రత్యయం చెబుతున్నది గనుక పదక్రమం మారినా అర్థం మారదు. ఇంగ్లీషులో స్థానమే సంబంధాన్ని చెబుతుంది, అది పొజిషనల్ ఆర్గ్యుమెంట్‌కు దగ్గర. ఈ పోలికకూ ఎల్ల ఉంది. పైథాన్‌లో స్థానాన్ని బట్టి ఇచ్చే విలువల తరువాతే పేరుతో ఇచ్చేవి రావాలి, తెలుగు వాక్యానికి అటువంటి నిర్బంధం లేదు. అయినా తెలుగు బోధనకు ఇంతకంటె సహజమైన ద్వారం దొరకదు. ఆ వివరణకు ప్రత్యేకమైన పేరా కావాలి. మూలంలో లేని పేరాకు అనువాద ఫైలులో స్థానం లేదు.

పారిభాషిక పదాల చర్చ కూడా ఇక్కడిదే. గణిత పాఠ్యపుస్తకాల్లో ఫంక్షన్‌కు 'ప్రమేయం' స్థిరపడింది. గణిత ప్రమేయం ఒకే విలువకు ఎప్పుడూ ఒకే ఫలితాన్నిస్తుంది. పైథాన్ ఫంక్షన్ ఏ విలువనూ లెక్కించి ఇవ్వకుండా తెరపై ఒక వాక్యాన్ని ముద్రించి ఊరుకోవచ్చు. కనుక తెలుగు మాట ఉన్నంత మాత్రాన అది ఇక్కడ స్పష్టతనిస్తుందని చెప్పలేం. చలరాశి, ప్రమేయం వంటి మాటలను వాడినా, ఇంగ్లీషు మాటలనే ఉంచినా, భావభేదాన్ని పదకోశంలో వివరించడం తప్పనిసరి.

6. ముగింపు:
పైథాన్ డాక్యుమెంటేషన్ విషయంలో నిశ్చితమైనది, ప్రయోజనంలో విస్తృతమైనది, సంబంధంలో పరీక్షకు నిలిచేది. దాని అధికారి మాత్రం ఇంగ్లీషు తెలిసి, మరో ప్రోగ్రామింగ్ భాషతో పరిచయమున్న పాఠకుడు. అతని స్థానంలో తెలుగు మాధ్యమంలో చదివి, మొదటిసారి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న విద్యార్థిని నిలిపినప్పుడు మాటల మార్పిడి చాలదు. ఖండానికి ఖండంగా సాగే అనువాదం సూత్రప్రాయమైన రిఫరెన్స్ భాగాలకు సరిపోతుంది. ట్యుటోరియల్‌కు కావలసింది వ్యాఖ్యానం, అంటే మూలానికి కట్టుబడుతూనే తన పాఠకుడి భాషలోంచి దృష్టాంతాలను తెచ్చుకునే స్వతంత్ర రచన.

ఓపెన్ సోర్స్ లైసెన్సులు అటువంటి రచనకు అనుమతిస్తున్నాయి. దానికి కావలసిన వ్యాకరణ జ్ఞానం, బోధనానుభవం తెలుగు శాఖల్లో ఉన్నాయి. సాంకేతిక పరిజ్ఞానం కంప్యూటర్ శాఖల్లో ఉంది. ఈ రెండు శాఖలూ కలిసి ఒక్క అధ్యాయానికి వ్యాఖ్య రాసి, దానిని మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు పెట్టి పరీక్షిస్తే, అధికారి ఎవరన్న ప్రశ్నకు తెలుగులో ఆధారమున్న జవాబు దొరుకుతుంది.