గద్వాల చీరలో రేఖయు వర్ణమును

రూపకల్పన చిత్రకారులకు మాత్రమే సంబంధించిన విద్యయని మనవారిలో పెక్కుమంది యభిప్రాయము. రేఖ, ఆకృతి, వర్ణము, స్పర్శ, ఖాళీస్థలము అనునవి దానికి మూలద్రవ్యములనియు, తూకము, వైరుధ్యము, లయ, ప్రాధాన్యము అనునవి వానిని నడుపు సూత్రములనియు బాలబాలికలచేత వల్లె వేయించుట కలదు. కాని ఇంటిలోని పెట్టె తెరచి, యొక చీరను వారి ముందు పఱచి, ఈ సూత్రమిచ్చట నున్నదని చూపువారు మిక్కిలి యరుదు. కావున మేమిచ్చట గద్వాల చీరను, ఒక కావ్యమును పరిశీలించు రీతిగనే, గుణదోషములెంచి పరిశీలింపదలచితిమి.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలోను, రాజోలిలోను, వనపర్తి జిల్లాలోని అమరచింతలోను ఈ నేత నేటికిని సాగుచున్నది. 2010వ సంవత్సరమున దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. చీరయొడలు నూలు, అంచులును కొంగును పట్టు, జరీ. నూలు వెలుగును తనలో నింకించుకొనును; పట్టు దానిని తిరిగి విసరును. అందుచేత రెంటికిని ఒకే రంగు నద్దినను కంటికవి రెండుగనే తోచును. రంగులు చేరకముందే వైరుధ్యము వస్తువునందే సిద్ధముగ నున్నదన్నమాట.

ఈ చీరకు ప్రాణము కుప్పడపు నేత. సామాన్యమైన నేతలో ఒకే నాడె పన్నా యంతయు పరుగిడును. ఒడలిపేక అంచుపడుగులో దూరి దాని రంగును మలినపఱచును. పసుపు ఒడలికి ఎఱ్ఱని అంచు పెట్టినచో ఆ యెఱుపు ఎఱుపుగ నిలువదు. కుప్పడమునం దట్లుగాక మూడు నాడెలాడును: నడుమ నొకటి, అంచుల కొక్కొక్కటి. ఒడలిపేక సరిహద్దునొద్ద అంచుపేకతో మెలివడి వెనుకకు మరలును. ఇరుగుపొరుగులు చేయి కలుపుకొని యెవరి యింటికి వారు పోయినట్లు రెండు రంగులును స్వచ్ఛముగ మిగులును. చిత్రకారుడు కుంచెతో సాధించు వర్ణశుద్ధిని మన నేతగాడు నిర్మాణముచేతనే సాధించినాడు. మా దృష్టిలో ఈ చీర గొప్పదనమంతయు నిందే కలదు. జరీ తళుకు దీని తరువాతిది.

పారిస్ నగరమున గోబెలాఁ నేతశాలలో రంగుల శాఖ కధ్యక్షుడైన షెవ్రోల్ అను రసాయనశాస్త్రజ్ఞునొద్దకు, నల్లరంగు సరిగ తేలుట లేదని ఫిర్యాదు వచ్చెను. ఆయన పరీక్షించి, దోషము రంగులో లేదనియు, ప్రక్కనున్న వర్ణములే దాని నట్లు చూపుచున్నవనియు తేల్చి, 1839లో వర్ణవైరుధ్యమునుగూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. రంగు ఒంటరిగ నుండదు. పొరుగును బట్టి మారును. గంగా-జమున అంచుల చీర కట్టిన మన యిల్లాండ్రకీ సంగతి క్రొత్తది కాదు. ఒక ప్రక్క ఆకుపచ్చ, ఒక ప్రక్క ఎఱుపు పెట్టినను చీర యొరగినట్లు తోపకుండుట అంచుల వెడల్పు సమానముగ నుండుటవలననే.

ఇక కోటకొమ్ము. ఒడలును అంచును కలియుచోట తిన్నని గీత గీచినచో చూపునకు గోడ కొట్టుకొన్నట్లుండును. కొమ్ములు ఆ సరిహద్దును పండ్లుపండ్లుగ విడదీసి, ఒక రంగును మఱియొకదానిలోనికి మెల్లగ నడపును. అవి మరల మరల వచ్చుటచే లయ పుట్టును. ఆలంపురమునందలి బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయముల శిఖరములను చూచినవారికి ఈ పునరావృత్తి సొగసు వేరుగ చెప్పనక్కరలేదు. గద్వాల సంస్థానమువారి పక్షమున బ్రహ్మోత్సవములకు తిరుమలకు పంపు ఏరువాడ జోడుపంచెలయందును ఈ కొమ్ములే యలంకారము.

ఇప్పుడు దోషములు. ఇటీవలి చీరలు కొన్నింట అంచు మోకాలిదాక ప్రాకినది. ఒడలంతయు బుటాలు చల్లినట్లున్నవి. కొంగున ఖాళీ లేదు. ఇది సంపదయని కొందరనుకొందురు. మేము గందరగోళమందుము. చీర గోడపటము కాదు. మడతలుపడి, కుచ్చెళ్లై, నడకతో కదలునది. ఒడలి ఖాళీయే ఆ మడతల నీడలకు చోటిచ్చును. అన్నియు ప్రధానమైనచో కొంగు కేమి ప్రాధాన్యము మిగులును? పెండ్లిలో అందఱును మంగళహారతి పాడవచ్చునుగాని, అందఱును పెండ్లికూతుళ్లు కారాదుగదా!

మరమగ్గపు అనుకరణలు వేఱొక బాధ. 1985 నాటి చట్టము కొన్ని రకముల చీరలను చేతిమగ్గమునకే ప్రత్యేకించినను, బజారున నకళ్లకు కొఱత లేదు. పాఠకసోదరీమణులు చీర వెనుకభాగమును త్రిప్పి, ఒడలిపేక సరిహద్దునొద్దనే మరలినదో, అంచులోనికి చొచ్చినదో చూచుకొనవలెను. అంగడివాని ప్రమాణములకంటె ఆ చూపు నమ్మదగినది.

అయితే నకలును నిందించుటతో మన పూచీ తీరదు. మూడు నాడెల నేతకు మగ్గమునొద్ద తఱచు రెండవ మనిషి కావలెను. ఆ మనిషి పెక్కుచోట్ల ఇంటివారే. కండెలు చుట్టునది ఇల్లాలు. కూలి మాత్రము చీరకింతయని కట్టుదురు. ఆమె పనికి వేఱుగ లెక్క యుండదు. మనము వంద రూపాయలు తగ్గింపుమని గట్టిగ బేరమాడినపుడు, ఆ తగ్గింపు మొదట ఆమె శ్రమనుండియే పోవును. పిదప మూడవ నాడె పోవును. ఆ వెంటనే అంచు రంగు మాయును.