ఫుకుషిమా నివేదిక: తప్పు సంస్కృతిదా, వ్యవస్థదా?

2011 మార్చి 11న జపాను తీరమును ముంచెత్తిన సునామీ ప్రకృతి చేసిన పని. కాని ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రములో మూడు రియాక్టర్ల ఇంధనము కరగిపోవుట మనుష్యులు తెచ్చిపెట్టుకొన్న ప్రమాదమని, ఆ దేశపు పార్లమెంటు నియమించిన స్వతంత్ర విచారణ సంఘము 2012 జూలైలో తేల్చి చెప్పినది. వైద్యశాస్త్రవేత్త కియోషి కురొకావా ఆ సంఘమునకు అధ్యక్షుడు. 1,167 మందిని విచారించి వ్రాసిన ఈ నివేదిక అణుభద్రతపై ఆసక్తి గలవారందరును చదువదగినది. అందుచేతనే దానిలోని ఒక లోపమును ఉపేక్షింపరాదు.

ముందు విషయము చూతము. రియాక్టరులో శృంఖలాచర్యను ఆపివేసినను వేడి ఆగిపోదు. విచ్ఛిత్తిలో పుట్టిన రేడియోధార్మిక పదార్థములు ఉష్ణమును వెలువరించుచునే యుండును. దానిని తొలగించుటకు నీరు, నీటిని తోడుటకు విద్యుత్తు కావలెను. సునామీ డీజెల్ జనరేటర్లను, స్విచ్‌బోర్డులను ముంచివేయగా చల్లబరచు ఏర్పాట్లు ఒకదాని వెంట ఒకటి విఫలమైనవి.

ఇట్టి స్థితి రాగలదని ముందు ఎవరికిని తోచలేదా? తోచినది. కేంద్రమును 5.7 మీటర్ల అలకు సరిపడునట్లు సిద్ధపరచిన కంపెనీయే, 15 మీటర్లకు మించిన అల రావచ్చునని 2008లో లెక్కకట్టినది. ఆ లెక్క నియంత్రణాధికారులకు చేరినది ప్రమాదమునకు నాలుగు దినముల ముందు! దీర్ఘకాలము విద్యుత్తు లేకపోవుటను లెక్కలోనికి తీసికొననక్కరలేదనుటకు తగిన కారణములు వ్రాసి యిమ్మని భద్రతా సంఘము కంపెనీలనే కోరినది. పరీక్షాధికారి ఒక ప్రశ్నను తొలగింపదలచి, కారణము వ్రాసి తెమ్మని విద్యార్థినే అడిగినట్లున్నది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా తన కేంద్రములకు విధించిన రక్షణచర్యలను గూర్చి జపాను అధికారులు తెలిసికొనియు కంపెనీలకు చెప్పలేదు. విద్యుత్తును తెంచినది అలయైనను, శత్రువైనను రియాక్టరుకు ఒక్కటే. భద్రత, రక్షణ వేర్వేరు శాఖల వ్యవహారములు కావని దీనివలన తెలియుచున్నది.

ఈ కారణములను ఇంత స్పష్టముగ చూపిన నివేదిక, ఆంగ్ల సంపుటపు ముందుమాటలో దారి తప్పినది. పెద్దల మాటకు ఎదురాడకుండుట, గుంపుతో నడచుట మొదలగు జపాను సంస్కారములే మూలకారణమని అధ్యక్షుడు వ్రాసెను. వినుటకు ఇది వినయముగ నున్నది గాని శాస్త్రీయము కాదు. భూకంపకేంద్రమునకు మరింత సమీపమున నున్న ఒనగావా కేంద్రమును నిర్మించినవారును జపానీయులే. వారు సుమారు 14 మీటర్ల ఎత్తున కట్టిరి. 13 మీటర్ల అల వచ్చినను రియాక్టర్లు నిలిచినవి. బయటి విద్యుత్ లైను ఒకటి మిగులుటయు కలిసివచ్చినది నిజమే. అయినను ఒకే సంస్కృతి రెండు భిన్నఫలితముల నిచ్చినచో, కారణము వేరొకచోట వెదకవలెను.

ఆ కారణము నివేదికలోనే యున్నది. అణువిద్యుత్తును పెంపొందించు ఆర్థిక, పరిశ్రమల మంత్రిత్వశాఖ క్రిందనే దానిని నియంత్రించు సంస్థయు నుండెను. కంచెను చేనుగలవానికి గాక మేకలవానికి అప్పగించినట్లయినది. 2012 సెప్టెంబరులో నియంత్రణను ఆ శాఖనుండి విడదీసి స్వతంత్రాధికార సంస్థను నెలకొల్పిరి. రక్షణలోపముల కారణముగ 2021లో కాషివజాకి-కరివా కేంద్రము నడువకుండ ఆ సంస్థ నిషేధించి, లోపములు సరిదిద్దిన పిమ్మట 2023 డిసెంబరులో నిషేధము తొలగించినది. అడుగున చురుకైన భ్రంశము లేదని చెప్పజాలమన్న కారణమున 2024 నవంబరులో సురుగా రెండవ రియాక్టరుకు అనుమతి నిరాకరించినది. ప్రజలు వారే, సంస్కృతియు అదే. మారినది కాపలాదారుని స్థానము.

తప్పును సంస్కృతిపై వేసినచో ఏ వ్యక్తియు బాధ్యుడు కాడు. ఇతర దేశములవారు తమకీ బెడద లేదని నిశ్చింతగ నిద్రింతురు. పాఠకులు ముందుమాటను దాటి నివేదికను చదువవలెను. తమ దేశములో ‘ఆపుము’ అనగల అధికారి ఎవరి క్రింద పనిచేయుచున్నాడో అపుడు విచారింపవలెను.