కొట్టేసిన అంకె కూడా కనబడాలి

ఏటా మే నెలలో అమెరికాలో ఐసెఫ్ అని హైస్కూలు పిల్లల పరిశోధనల పోటీ జరుగుతుంది. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలై, 1958 నుంచి అంతర్జాతీయమైంది. మన దేశం నుంచి ఐరిస్ జాతీయ పోటీలో ఎంపికైనవాళ్లు వెళ్తుంటారు. బహుమతుల వార్తలు అందరూ చదువుతారు. నాకు మాత్రం దాని నిబంధనలంటే ఇష్టం.

అక్కడ స్టాల్లో మొక్కలు, మట్టి, నీళ్లు, రసాయనాలు పెట్టనివ్వరు. భద్రత కోసం పెట్టిన నియమమే అయినా, దానివల్ల జరిగే మేలు వేరే ఉంది. ఏడాదంతా నేల మీద పనిచేసిన పిల్ల గుప్పెడు మన్నయినా లేకుండా జడ్జీల ముందు నిలబడాలి. ఫొటోలు, గ్రాఫులు, రోజూ రాసుకున్న నోట్‌బుక్కు, తన నోటిమాట, అంతే. పరిశోధనాసంస్థలో చేసిన పనైతే, అందులో విద్యార్థి వంతెంతో అక్కడి శాస్త్రవేత్తే రాసివ్వాలి. తోటిపిల్లలతో సర్వే చేయాలన్నా ముందే సమీక్ష జరగాలి.

మన జిల్లా సైన్స్ ప్రదర్శనల్లో థర్మోకోల్ మీద మెరిసే బల్బులకే జనం మూగుతారు. డబ్బిచ్చి చేయించిన నమూనాలు ఎన్నో! పిల్లవాడు కంఠతా పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి ఊపిరి పీల్చుకుంటాడు. వాడి తప్పేం లేదు, పాపం.

అలాంటి చోట ఒకసారి ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్కు చూశాను. ఇసుక మీద పెట్టిన కుండలో నీళ్లు ఎక్కువ చల్లబడతాయా, తడిగుడ్డ చుట్టిన కుండలోనా అన్నది ఆమె ప్రశ్న. గంటగంటకీ ఉష్ణోగ్రత రాసింది. మధ్యాహ్నం రెండింటి అంకె మీద ఒక్క గీత, అంకె కనబడేలాగే. పక్కన చిన్న అక్షరాలతో ‘మామ్మ చెంబుతో నీళ్లు ముంచుకుంది’ అని ఉంది. చెరిపేసి వరసకు సరిపోయే అంకె వేసుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆమెకు బహుమతి రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన పిల్లల ఖాతాలో పదివేలు పడతాయి. అందులోంచి మొదట కుట్టు వేసిన నోట్‌బుక్కు ఒకటి కొనిపించండి, టీచర్లూ. పేజీలకు నంబర్లు వేయించండి. తేదీ వేసి పెన్నుతో రాయమనండి. జడ్జీలుగా వెళ్లేవాళ్లు బల్బు వెలిగించమనే ముందు ఆ పుస్తకం తెరవమని అడగండి.