శిక్షణకు గీటురాయి ఏది?

అమెరికాలో కళాశాల జీవశాస్త్ర బోధకుల శిక్షణకు ఏర్పడిన వానిలో, 2004లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆరంభమైన జాతీయ అకాడమీల వేసవి శిబిరము పేరెన్నికగన్నది. ఉపన్యాసము తగ్గించి, విద్యార్థులచే ఆలోచింపజేయుట, చర్చింపజేయుట అందలి ముఖ్యోద్దేశము.

ఆ శిబిరముతోపాటు మఱియొక శిక్షణ ఫలితమును గూడ డయాన్ ఎబర్ట్-మే, ఆమె సహచరులు పరిశీలించి, 2011లో ‘బయోసైన్స్’ పత్రికలో ప్రకటించిరి. శిక్షణానంతరము ప్రశ్నావళికి బదులిచ్చినవారిలో నూటికి 89 మంది తమ బోధనలో మార్పు తెచ్చితి మనిరి. వారి తరగతులను వీడియో తీసి చూడగా, నూటికి 75 మంది ఉపన్యాసము మీదనే ఆధారపడియుండిరి!

వారు అబద్ధమాడి రనుట న్యాయము కాదు. పాఠము నడుమ రెండు ప్రశ్నలు వేసినంతనే పద్ధతి మారినదని తలచుట మానవ సహజము. కాని, ద్రవము తేటగా నున్నంత మాత్రమున అందు సూక్ష్మజీవులు లేవని నమ్మక, పోషక యానకముపై పెంచి చూచు శాస్త్రజ్ఞులు, తమ బోధనకు తమ మాటనే సాక్ష్యముగా గైకొనవచ్చునా?

ఈ పద్ధతికిని పరిమితి కలదు. వీడియో గురువు నడతను చూపును. శిష్యునికి ఎంత బోధపడినదో చూపదు.

తరువాత ఆ బృందమే యువ పరిశోధకులకు రెండేండ్లు శిక్షణ నిచ్చి, వారిచేతనే పాఠ్యక్రమమును రూపొందింపజేసి, బోధింపజేసినది. ఈసారి వారి తరగతులలో మార్పు కనబడినదని 2015లో వెల్లడించిరి. దీర్ఘకాలపు అభ్యాసమే ఇందలి విశేషము.

మన పాఠశాలలకును ఇది వర్తించును. శిక్షణ ముగిసిన ఆరు మాసములకు తోటి ఉపాధ్యాయుడు వెనుక బల్లపై కూర్చుండి పాఠము చూచి, పిదప పిల్లలను నాలుగు ప్రశ్నలడిగినచో, ఖర్చు లేకయే నిజము తేలును.