హైకూ: లెక్క, ఋతువు, పాఠకుడు

హైకూ అంటే మూడు పాదాల్లో పదిహేడు అక్షరాల కవిత అని మన విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. ఈ నిర్వచనాన్ని పట్టుకొని హైకూ చదవబోతే చేతికి చిక్కేది లెక్క మాత్రమే. ఆ లెక్కయినా సరైనది కాదు.

జపాను భాషలో లెక్కించేది అక్షరాన్ని కాదు, మాత్రను. దీర్ఘానికి రెండు మాత్రలు. పదాంత నకారానికి ఒకటి. ద్విత్వంలో మొదటి హల్లుకు ఒకటి. 'నిప్పొన్' అనే మాట మనకు రెండక్షరాలు, వాళ్లకు నాలుగు మాత్రలు. గురులఘువులు నేర్చిన వారికి ఇది కొత్త కాదు. మన ఛందస్సులోనూ అది రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలే. కాబట్టి 5-7-5 గళ్లను అక్షరాలతో నింపినంత మాత్రాన జపాను కొలతను పాటించినట్టు కాదు.

మరి హైకూలో గ్రహించవలసినది ఏమిటి? ఈ ప్రశ్న మన నగరానికి పాతదే. ఇక్కడినుంచి వెలువడిన 'స్వదేశమిత్రన్' పత్రికలో 1916లోనే సుబ్రహ్మణ్య భారతి జపాను కవిత్వం గురించి వ్యాసం రాశారు. తక్కువ మాటల్లో ఎక్కువ స్ఫురింపజేయడం ఆయనను ఆకర్షించింది. తెలుగులో హైకూ బలంగా వచ్చింది 1990లలో. పెన్నా శివరామకృష్ణ 'రహస్యద్వారం' 1991లో, ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' 1997లో వెలువడ్డాయి. అప్పటికే మినీకవిత మనకు కొసమెరుపును అలవాటు చేసింది. ఆ అలవాటే హైకూకు అడ్డు తగిలింది. మొదటి రెండు పాదాల్లో దృశ్యం చూపి, మూడో పాదంలో తీర్పు చెప్పే రచనలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో పాఠకుడికి పని మిగలదు.

ఈ దోషం కవులదే అనుకోవద్దు. చదివేవారిదీ, బోధించేవారిదీ కూడా. కొన్నేళ్ల క్రితం తరగతిలో ఒక విద్యార్థిని ఈ మూడు పాదాలు రాసి ఇచ్చింది:

కార్తీక వాన
కోలం వేసిన చోట
చీమల బారు

నేను 'కోలం' కొట్టివేసి ఎర్రసిరాతో 'ముగ్గు' అని రాశాను. చివర 'ఆకలి' అన్న మాట చేరిస్తే భావం స్పష్టమవుతుందని సలహా కూడా ఇచ్చాను. ఆమె కాగితం చూసుకొని, "మా ఇంట్లో కోలమనే అంటాం సార్" అంది. అంతకుమించి వాదించలేదు. ఆ తర్వాత ఆమె తెలుగులో రాసిందేదీ నాకు చూపలేదు.

ఇప్పుడు ఆ పాదాలు మళ్లీ చదువుదాం. వాన వెలిసిందో లేదో చెప్పలేదు. కోలం చెరిగిందని చెప్పలేదు. 'వేసిన చోట' అన్న మాటే అది ఇప్పుడు లేదని చెబుతోంది. చీమలు వచ్చాయంటే అది బియ్యప్పిండితో వేసినదన్నమాట. వేసిన చేయి, పోయిన గీత, మిగిలిన పిండి, ఇవన్నీ మనం ఊహించుకున్నవే. 'ఆకలి' అనగానే ఈ తలుపులన్నీ మూసుకుంటాయి. అక్షరాలు లెక్కిస్తే పదిహేడు, మాత్రలు లెక్కిస్తే ఇరవైఆరు. కవిత బలం ఈ రెండు లెక్కల్లోనూ లేదు.

వ్యాకరణం వైపునుంచీ ఒక మాట. మూడు పాదాల్లోనూ సమాపక క్రియ లేదు. జపాను హైకూలో 'య' వంటి విరుపు మాటలు రెండు దృశ్యాలను విడదీసి పక్కపక్కన నిలుపుతాయి. క్రియ లేకుండానే వాక్యం నిలబడే తెలుగులో ఆ పని ఒక్క విరామంతో జరుగుతుంది. 'వచ్చింది', 'అయింది' అని ముగించాలనే తొందరను ఆపుకుంటే చాలు.

హైకూ సంప్రదాయంలో ఋతుసూచక పదం ముఖ్యం. గోదావరి జిల్లాల్లో తొలకరి జూన్ మాట. చెన్నైలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. ఇక్కడ కూర్చొని పుస్తకాల్లోని ఆషాఢ మేఘాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు. మన వాకిట్లో పడే వాననూ, మన ఇంట్లో పలికే మాటనూ రాయవచ్చు.

మా తెలుగు స్వచ్ఛమైనది కాదని సంకోచించే విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. హైకూ నిఘంటువును అడగదు, చూసినదాన్ని అడుగుతుంది. చదివేటప్పుడు వెంటనే అర్థం చెప్పవద్దు. రాసేటప్పుడు అసలే చెప్పవద్దు. ఆ కాగితం మళ్లీ నా చేతికి వస్తే ఎర్రసిరా కలం మూతైనా తీయను.