ఇంటర్వెల్‌కి ముందే తెలిసిపోయే సాయిబు

వరంగల్ మండీబజారులో చాయ్ తాగే ఎవర్నడిగినా చెప్తారు, తెలుగు తెరమీద సాయిబు కనబడితే రెండే దారులని. బాంబు పెడతాడు. లేదా బాంబు పెట్టేవాణ్ణి ఎదిరించి దేశభక్తి రుజువు చేసుకుంటాడు.

మొదటిదాన్ని 1992 నాటి 'రోజా' డబ్బింగులో చూశాం. 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' రెంటినీ ఒకే ఇంట్లో పెట్టింది. తమ్ముడు అజర్ టెర్రరిస్టు, అన్న అమ్జద్ ఆటోడ్రైవరు. అమ్జద్‌గా ప్రకాశ్‌రాజ్ ప్రాణం పెట్టి చేశాడు. నా కళ్లూ చెమర్చాయి. కానీ అదే సినిమాలో రవితేజ వేసిన కోటికి బాధల్లా వేషం దొరక్కపోవడమే. దేశాన్ని ప్రేమిస్తున్నావా అని కోటిని అడిగినవాడు లేడు. పరీక్ష అమ్జద్‌కే.

అప్పు ఎగ్గొట్టే సాయిబేడీ? కూతురి ఇంటరు రిజల్టు కోసం నిద్రపోని అబ్బా ఏడీ?

సినిమాయే కదా అంటారా? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకొచ్చినవాళ్లు. పోలీసులు పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత కోర్టు నిర్దోషులంది. ఆ అరెస్టులకి హెడ్డింగులు పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి. ఒక్క ప్రశ్నార్థకమైనా పెట్టలేదు. కథ నాకూ ముందే తెలుసుగా!

మంచి సాయిబు వేషం మాకొద్దు. ఏం చేస్తాడో ముందే తెలియని మనిషి వేషం ఇవ్వండి.